ఐదు గ్రాముల ఉప్పు

నాకు ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా గ్రాము అంటే బంగారమే. నగల దుకాణంలో కమ్మలు తూచేటప్పుడు వినే మాట అది. కూరగాయలకు కిలో, అరకిలో, పావుకిలో ఉండేవి. అల్లానికీ పచ్చిమిరపకాయలకూ అద్దపావు ఉండేది. అంతకన్నా చిన్న బరువుకు మా వంటింట్లో పేరే లేదు. మా అత్తమ్మ బియ్యం సోలతో కొలిచేది, పప్పు గుప్పెడుతో, ఉప్పు వేళ్ళతో. పెళ్ళై వచ్చిన కొత్తలో నేను పొయ్యి దగ్గర నిలబడి అడిగేదాన్ని.

"ఉప్పు ఎంత ఎయ్యాలె అత్తమ్మా?"

"సరిపోయేంత ఎయ్యి."

"సరిపోయేంత అంటే ఎంత?"

"అది నాకేమెరుక బిడ్డా, పొయ్యి మీది గంజుకెరుక," అని నవ్వేది.

మా ఊరు శంషాబాద్‌కు దగ్గర, ఎయిర్‌పోర్టు గోడకు ఇవతలి వైపు. పొలం కొంత పోయింది, కొంత మిగిలింది. మామ నేను రాకముందే కాలం చేశాడు. మా ఆయన కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేస్తాడు. మా అమ్మాయి ఇంటర్‌లో చేరిన ఏడు, ఊళ్ళో ఆడవాళ్ళు నలుగురైదుగురు విమానాల్లో ఇచ్చే భోజనాలు వండే ఒక పెద్ద వంటశాలలో పనికి కుదిరారు. వాళ్ళతోపాటు నేనూ వెళ్తానన్నాను. మా ఆయన సరేనన్నాడు. అత్తమ్మ మాత్రం రెండు రోజులు మూతి ముడుచుకుంది.

"ఇంట్ల వండేది సాలదా? ఆకాశంల పోయెటోళ్ళకు గూడ నువ్వే వండాల్నా?" అంది. అంటూనే మూడో రోజు పొద్దున నాకు టిఫిన్ డబ్బా కట్టి చేతికిచ్చింది. నేను తిరిగి వచ్చేసరికి రాత్రి కూర కూడా ఆమే వండి పెట్టేది. ఉద్యోగం నాదే అయినా దాన్ని మోసింది ఆమె.

వంటశాలలో మొదటి రోజు గాజులు తీయించి లాకర్‌లో పెట్టించారు. జుట్టుకు టోపీ, చేతులకు తొడుగులు. నా పని డబ్బాలు నింపడం. అన్నం నూట ఇరవై గ్రాములు, కూర ఎనభై, పప్పు అరవై. మాకు పెద్ద చెఫ్ ఒకాయన ఉండేవాడు. గోదావరి వైపు మనిషి, యాభై దాటిన వయసు. అందరినీ "అమ్మా" అనేవాడు. ఎంత కోపం వచ్చినా "మీరు" అనడం మానేవాడు కాదు. నేను నింపిన డబ్బాను తీసి కాంటా మీద పెట్టి చూశాడు.

"ఇందులో ఇరవై గ్రాములు ఎక్కువ వేశారమ్మా."

"జరంత అన్నమే గద సార్. తినెటోళ్ళు తింటరు."

"తింటారు. కానీ మూడు వందల డబ్బాలకూ అదే జరంత వేసుకుంటూ పోతే ఆరు కిలోలు అవుతుంది. చివరి యాభై మందికి అన్నం ఉండదు."

నేను డబ్బాలోంచి ఇరవై గ్రాములు తీసేశాను. ఆ సాయంత్రం అత్తమ్మకు చెబితే ఆమెకు కోపం వచ్చింది. "మనిషి ఆకలి చూసి పెడతరు గని కాంట పెట్టి పెడతరా బువ్వ?" అంది. చివరి యాభై మంది సంగతి చెప్పాను. "అట్లయితే సరే," అంది.

ఏడాది తిరిగేసరికి నన్ను మసాలాలు తూచి ఇచ్చే బల్ల దగ్గరకు మార్చారు. ఏ వంటకానికి ఏది ఎన్ని గ్రాములో కాగితం మీద ఉంటుంది, తూచి గిన్నెల్లో పెట్టి వంటవాళ్ళకు ఇవ్వాలి. అక్కడే నేను పెద్ద తప్పు చేశాను. పప్పుకు నూట ఎనభై గ్రాముల ఉప్పు కావాలి. కాంటా దగ్గర వేరే ఆమె ఉంది. రోజూ తూచే ఉప్పు ఏ గిన్నెకు ఎక్కడిదాకా వస్తుందో నాకు కంటికి తెలిసిపోయింది కదా అని, గిన్నెతో కొలిచి ఇచ్చేశాను. రోజూ వచ్చేది దొడ్డు ఉప్పు. ఆ రోజు వచ్చింది సన్న ఉప్పు. పప్పు ఉప్పు కషాయమైంది. ఆ గుండిగ మొత్తం పారబోశారు. పప్పు మోరీలోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. మా ఇంట్లో అన్నం మెతుకు కింద పడితే కళ్ళకద్దుకునే మనిషి ఉంది. ఆమెకు ఈ సంగతి ఎన్నడూ చెప్పలేదు.

చెఫ్ నన్ను పక్కకు పిలిచాడు. తిడతాడనుకున్నాను.

"మీరు కొలిచారమ్మా, తూచలేదు. రెండూ ఒకటి కాదు," అన్నాడు. తర్వాత అదే గిన్నెలో ముందు దొడ్డు ఉప్పు పోసి తూచాడు, తర్వాత సన్నది పోసి తూచాడు. సన్నది నలభై గ్రాములు ఎక్కువ వచ్చింది. "దొడ్డు ఉప్పులో రాయికీ రాయికీ నడుమ ఖాళీ ఉంటుంది. మనం ఆ గాలిని కూడా ఉప్పు కిందే లెక్కేస్తాం."

ఇంకో రోజు టీ తాగే వేళ ఒక చెంచా తెచ్చి చూపించాడు. అదే చెంచాడు ఉప్పు ఆరు గ్రాములు, పసుపు మూడు, జీలకర్ర రెండు. నేను చిటికెడు ఉప్పు తీసి కాంటా మీద వేస్తే సున్నా అనే చూపించింది. కాంటా పాడైందేమో అన్నాను. "పాడవలేదండి. అంత చిన్నది దానికి కనిపించదు. పది చిటికెలు వేయండి," అన్నాడు. వేశాను, నాలుగు చూపించింది. అంటే చిటికెడు ఉప్పు గ్రాములో సగం కూడా లేదు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. చిన్నప్పుడు బడిలో పలక మీద రాసిన గ్రాము వేళ్ళ మధ్యకు వచ్చినట్టయింది.

ఆ నెలలోనే శంషాబాద్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం నుంచి అరచేయంత కాంటా ఒకటి కొనుక్కున్నాను. ఇంట్లో కనబడినదల్లా తూచాను. గుడ్డు, ఎల్లిగడ్డ, కరివేపాకు రెబ్బ, మా ఆయన చేతి గడియారం. అత్తమ్మ నవ్వి నవ్వి, "ఇగ నన్ను గూడ తూచు," అంది. ఆమె చెవి కమ్మలు అడిగి తీసుకుని తూచాను. రెండూ కలిపి నాలుగు గ్రాములు. "షావుకారు గూడ గదే చెప్పిండు," అని ఆమె ఆశ్చర్యపోయింది. ఆ తర్వాతే నా కాంటా మీద ఆమెకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం గుర్తొస్తే ఇప్పటికీ నాకు కష్టంగా ఉంటుంది.

శివరాత్రి వెళ్ళిన వారానికి ఆమె కాళ్ళు వాచాయి. ముందు తిరుగుడు ఎక్కువై వాచాయనుకున్నాం. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, బీపీ బాగా ఎక్కువ ఉందనీ కిడ్నీలు బలహీనపడ్డాయనీ చెప్పింది. బయట వరండా నిండా జనం. మందులు రాసి, ఏమి తినాలో ఏమి తినకూడదో అచ్చువేసిన ఇంగ్లీషు కాగితం ఒకటి ఇచ్చి, "ముఖ్యంగా ఉప్పు తగ్గించాలి, ఎంతో ఇందులో ఉంది," అంది.

ఇంటికి వచ్చాక మా ఆయన కాగితం చదివాడు. సోడియం, రోజుకు రెండు గ్రాములు అని ఉంది.

"సోడియం అంటే ఏంది?" అన్నాడు.

"ఉప్పే. మా పనికాడ డబ్బాల మీద ఉంటది," అన్నాను. ఎంత ధీమాగా అన్నానో. ఆ ఇంట్లో రెండు గ్రాములంటే ఎంతో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. మా అమ్మాయికి ఫోన్ చేసి అడిగినా చెప్పేది, అప్పటికి తను హాస్టల్లో ఉండి చదువుతోంది. అడగాలని కూడా తోచలేదు.

అత్తమ్మ మంచం మీద కూర్చుని నా ముఖం చూస్తోంది.

"రెండు గ్రాములంటే ఎంత బిడ్డా?"

"నీ కమ్మల్ల ఒక్కటంత."

ఆమె కుడి చెవి కమ్మ తీసి ఇచ్చింది. కాంటా మీద పెట్టాను, రెండు చూపించింది. కమ్మ తీసేసి కాగితం ముక్క పరిచి, సున్నా చేసి, దాని మీద రెండు వచ్చేదాకా ఉప్పు వేశాను. ఆమె కాగితాన్ని దగ్గరకు తీసుకుని చూసింది.

"గింతేనా? దినమంతటికా?"

"దినమంతటికి."

"సరే," అని కమ్మ చెవికి పెట్టుకుంది. మర పడక కాసేపు తడుముకుంది. నేనే బిగించాను.

ఆ మరుసటి రోజు నుంచి పొద్దున పనికి పోయే ముందు రెండు గ్రాములు తూచి చిన్న స్టీలు డబ్బీలో వేసి మూత పెట్టేదాన్ని. ఆమె కూర, పులుసు ఉప్పు లేకుండా వేరుగా తీసి, డబ్బీలోనుంచి కొంచెం కొంచెం కలుపుకునేట్టు ఏర్పాటు. మొదటి వారం ఆమె, "మస్తు తక్కువైతుందే," అంది. రెండో వారం, "బువ్వ తింటుంటే మన్ను తిన్నట్టున్నది," అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. తిండి తగ్గిపోయింది. నాలుగు ముద్దలు తిని కంచంలో చేయి కడుక్కునేది. జబ్బు వల్ల ఆకలి చచ్చిందనుకున్నాం.

ఆమె నాతో కొట్లాడి ఉంటే బాగుండేది. ముప్పై ఏళ్ళు ఆ వంటింటిని ఏలిన మనిషి. నేను వండిన కూర వాసన చూసే ఏది తక్కువైందో చెప్పే మనిషి. అలాంటిది ఉప్పు డబ్బీ మీద చేయి వేసే ముందు నా వైపు చూసేది. నేను తల ఊపితే తీసుకునేది.

ఉగాది పోయాక పక్కింటామె నాలుగు పచ్చి మామిడికాయలు తెచ్చి ఇచ్చింది. ఆ సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి అత్తమ్మ ఒక కాయ కోసి, ముక్క ఒకటి పళ్ళెంలో పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన కారం చిటికెడు. డబ్బీ ఖాళీగా ఉంది.

"జర ఉప్పు అద్దుకుంటనే. ఒక్క ముక్కకే," అంది.

ఆ మాట ఆమె ఎంత మెత్తగా అందో నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను అలసిపోయి ఉన్నాను, పైగా నాకు అన్నీ తెలుసు.

"ఇయాల్టిది అయిపోయింది అత్తమ్మా. రేపు ముందుగాలనే జర పక్కకు పెడత."

"అయిపోయిందా," అంది. "సరే తియ్యి."

ముక్కను కొరకలేదు. పళ్ళెం గోడవారగా జరిపి, గుమ్మంలోకి పోయి కూర్చుంది. పొద్దున పళ్ళెం కడగబోతే ముక్క అంచులు నల్లబడి ఎండిపోయి ఉంది. రేపు పక్కకు పెడతానన్నది కూడా నేను మరిచిపోయాను. పని హడావిడిలో పడిపోయాను. ఆమె గుర్తు చేయలేదు. మిగిలిన మూడు కాయలూ తొక్కు పచ్చడిలోకి పోయాయి. ఆ తొక్కు ఆమె తినలేదు.

మొదటిసారి పోయిన రెండు నెలలకు మళ్ళీ దవాఖానకు పోయాం. కాళ్ళ వాపు తగ్గింది కానీ బరువు నాలుగు కిలోలు తగ్గింది. డాక్టరమ్మ పుట్టింటి మనిషిలా నింపాదిగా అడిగింది, ఏం తింటున్నారు, ఎంత తింటున్నారు అని. అత్తమ్మ నా వైపు చూపించింది, నన్నడగమన్నట్టు. నేను సంచీలోంచి చిన్న డబ్బీ తీసి బల్ల మీద పెట్టాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"రోజుకు రెండు గ్రాములు మేడం. కాంట మీద తూచి ఇస్తున్న. ఒక్క రవ్వ ఎక్కువ కానియ్యలే."

"రెండు గ్రాముల ఉప్పా?"

"అవును. మీ కాగితంలనే ఉన్నది."

ఆమె కలం కింద పెట్టింది. "కాగితంలో ఉన్నది సోడియం అమ్మా. ఉప్పంతా సోడియం కాదు. ఉప్పును ఐదు పాళ్ళు చేస్తే అందులో రెండు పాళ్ళు సోడియం. రెండు గ్రాముల సోడియం అంటే రోజంతా కలిపి ఐదు గ్రాముల ఉప్పు." ఆగి, "నేనే విడమరిచి చెప్పి ఉండాల్సింది," అంది.

నాకు ఆ తర్వాత ఆమె చెప్పినవి సరిగా వినబడలేదు. నా కళ్ళ ముందు పళ్ళెంలో మామిడి ముక్క. ఆ రోజు ఆమెకు ఇంకా మూడు గ్రాములు మిగిలే ఉంది. ప్రతి రోజూ మూడు గ్రాములు మిగిలే ఉంది.

ఆటోలో వస్తుంటే అత్తమ్మ అడిగింది.

"డాక్టరమ్మ ఏమన్నది?"

"ఐదు గ్రాములు తినొచ్చట."

"ఐదు గ్రాములంటే అరతులం."

"ఆఁ, అరతులం."

"మరి మొన్నటిదాక?"

"నేనే తప్పు చదివిన అత్తమ్మా."

ఆమె బయటికి చూస్తూ కూర్చుంది. సర్వీసు రోడ్డు మీద లారీలు వరుసగా ఆగి ఉన్నాయి, ఆటో కదలడం లేదు. నేను ఆమె చేయి పట్టుకోవాలనుకున్నాను, ధైర్యం చాలలేదు. కాసేపటికి ఆమే నా మోకాలి మీద తట్టింది.

"పోనీ తియ్యి. ఎక్కువేసి సంపలేదు గద," అంది.

ఆ సాయంత్రం పచ్చిపులుసు చేశాను. చింతపండు నీళ్ళు, ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిరపకాయ, వేయించి దంచిన నువ్వులు. మూడు గ్రాముల ఉప్పు తూచి, అందులో సగం ఆమె గిన్నెలోకి వేశాను. మొదటి ముద్ద తిని ఆమె కళ్ళు మూసుకుంది. రెండోసారి అన్నం పెట్టించుకుంది, పులుసు గిన్నె వంచి అడుగున ఉన్న నువ్వులు కూడా వేలితో తీసుకుంది. నేను పెరట్లో అంట్ల దగ్గర కూర్చుని, నల్లా నీళ్ళు పోతుండగానే చాలాసేపు ఏడ్చాను.

ఆ తర్వాత వానాకాలమంతా, చలికాలం మొదటిదాకా ఆమె బాగుంది. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే మా ఇద్దరికీ అవే మంచి రోజులు. నాకు సెలవు ఉన్న రోజున ఆమె వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. తప్పు దిద్దుకోవాలనే ఆరాటమో ఏమో, ఆమె చేసే ప్రతిదీ గ్రాముల్లో రాసిపెట్టుకోవాలని నాకు పట్టుదల పుట్టింది. అమ్మాయి వాడి వదిలేసిన నోటుపుస్తకం ఒకటి తీసుకున్నాను. మా చెఫ్ గోంగూర అనే పుంటికూరతో చేసే పప్పు, సర్వపిండి, మక్క గారెలు, పచ్చిపులుసు. ఆమె చేత్తో తీస్తుంది, గంజులో వేయబోయే ముందు నేను ఆ చేయి కిందికి కాంటా పెడతాను, అందులో వదులుతుంది, అంకె రాసుకుంటాను, తర్వాత గంజులో పోస్తాను. ఒక్క పప్పు వండడానికి రెండు గంటలు పట్టేది.

"ఎన్నడూ తీసినట్టే తియ్యి అత్తమ్మా. నేను చూస్తున్ననని తక్కువ తియ్యకు."

"నేనెందుకు తక్కువ తీస్త? గట్లనే తీస్తున్న."

ఉప్పు, నాలుగు గ్రాములు. రాసుకున్నాను. కారం ఆరు. పసుపు ఒకటి. ఎల్లిగడ్డ తొమ్మిది. ఆమెకు కూడా సరదా పట్టింది. జీలకర్ర పిడికిట్లో పట్టుకుని, "ఎంతుంటది చెప్పు?" అనేది. నేను ఐదంటే ఆమె ఏడనేది. ఎక్కువసార్లు ఆమే గెలిచేది. "నా చెయ్యి నీ కాంట కన్న నయం," అని మా ఆయనకు చెప్పుకుని మురిసిపోయేది. పనిలో చెఫ్‌కు ఈ సంగతి చెబితే, "ఆవిడని ఇక్కడికి తీసుకురండమ్మా, మన కాంటాలన్నీ అమ్మేద్దాం," అన్నాడు. అది విని ఆమె నిజంగానే, "ఎన్నడు రమ్మన్నడు?" అని అడిగింది. తీసుకుపోదామనే అనుకున్నాను. లోపలికి బయటివాళ్ళను రానివ్వరు. కనీసం గేటు దాకా అయినా తీసుకుపోయి ఆయనకు చూపించాల్సింది. ఈ వారం, పై వారం అనుకుంటుండగా చలి ముదిరింది.

మళ్ళీ కాళ్ళు వాచాయి, ఈసారి ముఖం కూడా. దవాఖానలో తొమ్మిది రోజులు ఉంది. చివరి రోజుల్లో ఆమెకు ఏ రుచీ అందలేదు. చెంచాతో గంజి పోస్తే, "ఉప్పేసినవా?" అని అడిగేది. వేశానని చెప్పేదాన్ని. డాక్టరమ్మ అప్పటికి అది కూడా వద్దంది. ఆమెకు నేను చెప్పిన ఆఖరి అబద్ధం అదే. పదో రోజు మధ్యాహ్నం పోయింది.

కొన్ని నెలలు నేను నోటుపుస్తకం ముట్టలేదు. వంట నా పద్ధతిలో చేసుకుపోయాను. ఎవరికీ రుచి మీద ధ్యాస లేదు. సంవత్సరీకానికి మాత్రం అన్నీ ఆమె వంటలే ఉండాలని మా ఆయన అన్నాడు. ముందు రోజే పుస్తకం తీసి అంకెలన్నీ చూసుకున్నాను. పదిహేను మందికి వండాలి కనుక నలుగురికి రాసుకున్నదాన్ని నాలుగింతలు చేసి, ఒక్కటీ కంటి అంచనాతో వేయకుండా, అన్నీ తూచి పెట్టుకున్నాను. వంటశాలలో కూడా అంత జాగ్రత్తగా ఎన్నడూ తూచలేదేమో. పుంటికూర ఉడుకుతుంటే వచ్చిన వాసన ఆమెదే. మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఆగిపోయింది. "నానమ్మ వండినట్టున్నది," అంది.

అత్తమ్మ సొంత చెల్లెలు కందుకూరు దగ్గర ఒక ఊళ్ళో ఉంటుంది. మేము చిన్నత్తమ్మ అంటాం. ఇద్దరూ పెళ్ళిళ్ళయ్యేదాకా ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్ళు. ఆమె కూడా వచ్చింది. నైవేద్యాలయ్యాక అందరితోపాటు విస్తరి ముందు కూర్చుని, పప్పు కలుపుకుని తిన్నది. నేను వడ్డిస్తూ ఆమె ముఖమే చూస్తున్నాను.

"ఎట్లున్నది చిన్నత్తమ్మా?"

"అంతా మా అక్క చెయ్యే. గదే కారం, గదే పులుపు." ఇంకో ముద్ద పెట్టుకుంది. "గని ఉప్పే... మా అక్క గింత సప్పగ ఎన్నడు తినలే బిడ్డా."

"ఆమె చేతితోనే తూచి రాసుకున్న. నాలుగు గ్రాములు."

"ఎప్పుడు రాసుకున్నవు?"

నేను రాసుకున్నది అత్తమ్మ జబ్బు పడ్డాక. రెండు నెలలు నేను రెండు గ్రాములతో ఉంచాక. ఆ తర్వాత రోజుకు ఐదు గ్రాములని తన చేతికి తానే నేర్పుకున్నాక. అప్పటికి ఆమె ఉప్పు మూడు వేళ్ళతో తీసేది. అంతకుముందు, నేను ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి, ఐదు వేళ్ళతో తీసేది. అది నేను రోజూ చూశాను. తూచేటప్పుడు కూడా చూశాను. చూసి కూడా మూడు వేళ్ళని పట్టించుకోలేదు. ఎన్నడూ తీసినట్టే తియ్యమంటే గట్లనే తీస్తున్న అంది కదా, ఆమెకు కూడా తెలియలేదు. నా పుస్తకంలో ఉన్నదంతా జబ్బుపడిన అత్తమ్మ. బాగున్న అత్తమ్మ ఒక్క పేజీలో కూడా లేదు.

చిన్నత్తమ్మ నా ముఖం చూసి కంగారు పడి, "మంచిగనే ఉన్నది, నేనేదో ముసలిదాన్ని, నోరు పాడైంది," అంది. కానీ ఆమె మాట నిజమని నాకు తెలుసు.

ఆ రోజు ఆమెను వెళ్ళనివ్వలేదు. మరుసటి రోజు పొద్దున ఆమె చేత పుంటికూర పప్పు వండించాను. ఇంటికి ముగ్గురం, ఆమెతో నలుగురం. కాంటా పొయ్యి పక్కనే పెట్టాను, ఉప్పు వేసే ముందు నన్ను పిలవమన్నాను. పోపుకు కరివేపాకు లేదని పెరట్లోకి పోయాను. రెండు రెబ్బలు తెంపుకుని వచ్చేసరికి ఆమె గరిటతో తిప్పుతోంది.

"ఉప్పు?"

"ఏసిన."

"ఎంత ఏసినవు చిన్నత్తమ్మా?"

"ఏమో బిడ్డా. గట్ల చెయ్యి పోయింది, ఏసిన."

"మళ్ళ ఒక్కసారి తీసి చూపియ్యి. నేను తూచుకుంట."

ఆమె డబ్బాలో చేయి పెట్టి తీసింది, చూసుకుని కొంచెం వదిలేసింది, మళ్ళీ తీసింది. "ఇప్పుడు తెలుస్తలేదే," అంది. నిజంగానే తెలియక ఇబ్బంది పడింది. నేను ఇంక అడగలేదు.

ఆ పప్పు అందరం కూర్చుని తిన్నాం. మొదటి ముద్దకే తెలిసిపోయింది. ఇరవై ఏళ్ళు నేను తిన్న పప్పు అది. పని నుంచి వచ్చి చెప్పులు కూడా సరిగా విప్పకుండా ఆకలితో కంచం ముందు కూర్చుంటే, "ముందుగాల చేతులు కడుక్కో పో," అని కసురుతూ అత్తమ్మ వడ్డించిన పప్పు. మా ఆయన తల ఎత్తకుండా తిన్నాడు. మా అమ్మాయి మూడుసార్లు పెట్టించుకుంది. గంజు అడుగంటా గీకినాక కూడా ఎవరూ లేవలేదు.

చిన్నత్తమ్మ ఆ మధ్యాహ్నమే కందుకూరు బస్సెక్కింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం నేను పుంటికూర పప్పు వండుతున్నాను. పాత అంకె కొట్టేయలేదు. దాని పక్కన పెన్సిల్‌తో కొత్త అంకెలు రాసుకుంటున్నాను. ఐదున్నర, ఆరు, ఆరున్నర. నా కాంటాకు అరగ్రాము కనిపించదు కనుక రెండు వారాలకు కలిపి తూచి సగం చేస్తాను. కూర ముదురుదైతే ఒక రకంగా వస్తుంది, లేతదైతే ఒక రకంగా. ఈ ఏటి కారం కిందటేటి కారం కాదు. పోయిన ఆదివారం ఏడు గ్రాములు వేశాను. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా కాసేపు ఆగాడు.

"ఇంకొంచెం," అన్నాడు.

అడిగింది అన్నమో, పప్పో, ఉప్పో నాకు తెలియలేదు. మూడూ ఆయన ముందుకు జరిపాను.